ముందు మనిషిని చెప్పు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి సునాబెడలో మా స్కూల్లో రెండో పీరియడు పాఠం చెబుతున్నాను. ఫోను చేసింది వాళ్ళమ్మాయి. “అక్కా, నాన్న తెల్లారగట్ట పోయేరు” అని, ఇంక మాట్లాడలేకపోయింది. లీవు రాసిచ్చి, కోరాపుట్ బస్సెక్కి, అక్కడ రైలు పట్టుకుని రాయగడ చేరేసరికి అంతా అయిపోయింది. ఆయన్ని ఆఖరిసారి చూడలేదు. ఆ బాధ ఉంది కాబట్టే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆయనది గుణుపురం దగ్గర పల్లె. శ్రీకాకుళం నుంచి తాతలనాడు వచ్చి సేద్యం చేసుకున్న కుటుంబం. ఆయన రాయగడలో ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మాది అదే ఊళ్ళో బజారు కొట్టు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకొచ్చే పల్లెవాళ్ళతో దేశియా. ఇంగ్లీషు మాత్రం మా ఇంట్లో ఎవరికీ ముక్క రాదు. పదోక్లాసులో నేను ఇంగ్లీషు తప్పాక, మా నాన్న నన్ను తీసుకెళ్ళి ఆయన అరుగు మీద కూర్చోబెట్టాడు.

మొదటి రోజు ఇంటి గురించి ఒక వాక్యం రాయమన్నారు. ఆయనిచ్చిన పలక మీద “మై ఫాదర్ హి ఈజ్ ఇన్ ద షాప్” అని రాశాను. ఆయన పలక అటూ ఇటూ తిప్పి చూశారు.

“అమ్మీ, ఒక కుర్సీలో ఇద్దర్ని కూకోబెట్టీసేవు. మీ నాన్ననైనా కూకోబెట్టు, హి నైనా కూకోబెట్టు. ఇద్దరూ అయితే ఇరుకు గాదా?”

రోషం వచ్చి నాన్నని తుడిచేశాను. “హి ఈజ్ ఇన్ ద షాప్” మిగిలింది. తెలివైన పని చేశాననుకున్నాను.

“ఎవుడు ఈ హి? మీ నాన్నా, మూటలు మోసినవోడా, బేరానికొచ్చినవోడా? ముందు మడిసిని సెప్పు. తరవాత హి అను, షి అను, నీ ఇష్టం. అడ్రసు రాయకుండా ఉత్తరం డబ్బాలో పడీస్తే ఎవరికి సేరతాది?”

ముందు మనిషిని చెప్పు. ఆ మాట రోజుకి పదిసార్లు అనేవారు. మేము వెనకాల వెక్కిరించేవాళ్ళం కూడా. ఆయన చొక్కా జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. ఎర్ర సిరాతో తప్పులు దిద్దడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. పెన్సిలుతో సన్నగా గీత గీసి, మేము సరిచేశాక ఆయనే చెరిపేసేవారు. గుమ్మం అవతల మాస్టారి భార్య, మా అందరికీ అమ్మగారు, బియ్యంలో రాళ్ళేరుతూ మా వాక్యాలన్నీ వినేవారు. “మీ ఇంగిలీసు నాకూ వచ్చెస్తన్నాది” అని ఆటపట్టించేవారు.

ఒకసారి మా కొట్టుకి అడ్డాకు విస్తళ్ళు తెచ్చే ఒకావిడ గురించి రాశాను. ఆవిడ టికిరి వైపు నుంచి వచ్చేది. మా ఇంట్లో అందరం “అది వచ్చింది” అనేవాళ్ళం. ఆ మాటనే ఇంగ్లీషు చేసి “ఇట్ కమ్స్ ఆన్ ట్యూస్‌డే” అని రాశాను. మాస్టారు తిట్టలేదు, నవ్వనూ లేదు. వచ్చే వారానికి ఆవిడ గురించి అయిదు వాక్యాలు రాసుకు రమ్మన్నారు. ఏమని రాయను? ఆవిడ గురించి నాకేమీ తెలియదు. మంగళవారం కొట్టు మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చుని, వచ్చీ రాని దేశియాలో అడిగాను. ఆవిడకి ముగ్గురు పిల్లలు, ఒకడు పోయాడు. ఆకు ఏరడానికి చీకటితోనే బయల్దేరుతుంది. “ద వుమన్ హూ బ్రింగ్స్ అవర్ లీఫ్ ప్లేట్స్” అని మొదలుపెట్టి రాశాను. తర్వాత “షి” దానంతటదే వచ్చింది. మాస్టారు ఆ పేజీలో ఎక్కడా పెన్సిలు పెట్టలేదు. ఆ ఏడు పరీక్ష పాసయ్యాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

పోయినేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి. మాట మాత్రం విచిత్రంగా మిగిలింది. వస్తువుల పేర్లు పోయాయి, మనుషుల పేర్లు పోయాయి. అది, ఇది, ఆడు, హి, షి, ఇవే నోట్లో మిగిలాయి. ముందు మనిషిని చెప్పమని మూడు తరాలకి నేర్పిన ఆయనకి దేవుడు ఇలా ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ కోపమే.

చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మగారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి మెల్లగా అన్నారు. “అది కావాలంటారు. నీళ్ళిస్తే కాదంటారు, కళ్ళద్దాలిస్తే కాదంటారు. దానికేటి, ఎలాగో కనిపెడతాను. కానీ అమ్మీ, నన్ను సూసి కూడా షి అంటన్నారు. మీ మేస్టారు నన్ను మర్సిపోనారేటి? నానెవర్నో ఆయనకి తెలస్తన్నాదా?”

సగం వాక్యం మీరందించి మిగతా సగం ఆయన్నే అననివ్వండి అని డాక్టరు చెప్పారట. వాక్యాలు నాకు నేర్పింది ఆయనే కదా, తిరిగి అప్పగించడానికి నేనున్నాను అనుకున్నాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కోరాపుట్ నుంచి రైలెక్కేదాన్ని.

“ఐ డ్రింక్...” అని నేను ఆగితే, చాలాసేపటికి “టీ” అన్నారు. “దిస్ ఈజ్ మై...” అని ఆయన చెయ్యి పట్టుకుంటే “హేండ్” అన్నారు. వాళ్ళమ్మాయిని చూపించి “షి ఈజ్ మై...” అంటే “డాటర్” అన్నారు. నన్ను నేను చూపించుకుని అడిగాను. నా మొహంలోకి చూసి “స్టూడెంట్” అన్నారు. నేను ఏడ్చేశాను.

అమ్మగారి దగ్గర మాత్రం ఆగిపోయారు. “షి ఈజ్ మై...” అన్నాను. మొదటి అక్షరం అందించాను. తల అడ్డంగా ఊపారు. అమ్మగారు ఏమీ ఎరగనట్టు టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. అయిదు ఆదివారాలు అదే తంతు. ఆరో వారం ఆ వాక్యం అడగడానికి నాకే భయం వేసింది.

ఆ వారం అమ్మగారు వంటింట్లో అంబలి కాస్తున్నారు. మాస్టారు ఆవిడ కోసం అటూ ఇటూ వెతికారు. “షి... షి...” అంటూ కంగారు పడ్డారు. “ఎవరు మాస్టారూ?” అన్నాను. నా వైపు విసుగ్గా చూసి, మొహం తిప్పుకుని, వంటింటి వైపు గొంతెత్తి “ఇదిగో” అన్నారు.

“ఆఁ, వస్తన్నాను” అని లోపల్నుంచి జవాబు వచ్చింది. అన్నాక గానీ ఆవిడకి తెలియలేదు. గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయారు.

“నన్నే పిలిసేరమ్మీ” అన్నారు. “పెళ్ళయిన కాడ్నుంచీ నాను ఇదిగో నే. పేరెట్టి ఎప్పుడు పిలిసేరు గనక? నువ్వు ఇంగిలీసులో ఎతుకుతున్నావు.”

మాస్టారికి ఏమీ అక్కర్లేదు. మంచం అంచు మీద చేత్తో తట్టారు. ఆవిడ వచ్చి కూర్చున్నారు. నేను పుస్తకం మూసి సంచీలో పెట్టేసుకున్నాను. మూడు వారాల తర్వాత ఆయన పోయారు.

పదో రోజున మళ్ళీ వెళ్ళాను. ఇల్లంతా చుట్టాలు. అమ్మగారు లోపలి గదిలో గోడకి చేరగిలబడి కూర్చున్నారు, నేను పక్కనున్నాను. అరుగు మీద నుంచి పెద్దాయన ఒకాయన, మంచినీళ్ళ కోసం కాబోలు, తన భార్యని “ఇదిగో” అని కేకేశాడు.

“ఆఁ, వస్తన్నాను” అని అమ్మగారు నేల మీద చెయ్యి ఊని లేవబోయారు.