ఉద్యోగం వచ్చిన వారానికి వినుకొండ మిరప కల్లాల్లో

ఆరేళ్ళు చదివి టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను. ఫలితాలు వచ్చిన రోజు పెదకాకానిలో మా వీధంతా స్వీట్లు పంచాం. నాలుగో రోజు నుంచి నాకేమీ తోచలేదు. తెల్లవారుజామున నాలుగింటికి అలవాటుగా మెలకువ వచ్చేది, చదవడానికి ఏమీ ఉండేది కాదు, కూర్చుని ఏడ్చేదాన్ని. ఇంట్లో చెబితే ఒళ్ళు కొవ్వెక్కింది అంటారని భయం. చివరికి ఫోన్లో ఇంకో పోటీ పరీక్షకు దరఖాస్తు నింపేశాను. ఫీజు కట్టడానికి శనివారం సాయంత్రం ఐదింటి వరకే గడువు. ఆ ఉద్యోగం మీద కోరికేమీ లేదు, పుస్తకం పట్టుకోకుండా బతకడం మరచిపోయానంతే. శనివారం పొద్దున్నే అమ్మ నా మొహం చూసి, "ఎటన్నా వెళ్ళి కాస్త గాలి పీల్చుకుని రావే" అని తరిమింది. గాలి పీల్చుకోవడానికి మిరప కల్లాలకు వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

గుంటూరులో ఆరింటికి వినుకొండ బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. నరసరావుపేట మీదుగా రెండున్నర గంటల పైనే పట్టింది. వినుకొండలో ఇడ్లీ తిని, ఈపూరు రోడ్డులో ముప్పై రూపాయలకు షేర్ ఆటో ఎక్కాను. "మిరపకాయలు కనిపించిన చోట దించండి" అంటే, "అయితే ఇక్కడే దిగండి, ఇక ఎటు చూసినా అయ్యే" అని డ్రైవరు నవ్వాడు.

దిగి నిలబడిపోయాను. కంటికి ఆనినంత మేర ఎరుపే. నేల కనిపించదు. గాలి వీస్తే ఎండుకాయలన్నీ ఒక్కసారిగా గలగలమంటున్నాయి. పుట్టినప్పటి నుంచి కారం తింటున్నదాన్ని, ఇంత దగ్గరలో ఉన్నా దీన్ని ఎప్పుడూ చూడనే లేదు. ఒళ్ళు జలదరించింది, వెంటనే తుమ్ములు పట్టుకున్నాయి.

"చెప్పులిడిసి రామ్మా, కల్లం కదా!" అని ఒకావిడ కేకేసింది. పేరు సువార్తమ్మ. యాభై దాటి ఉంటాయి. ఎకరన్నర కౌలుకు చేస్తోంది. కాయలు తిరగేస్తూ పనేం చేస్తావని అడిగితే, ఇంట్లో చెప్పలేనిదంతా ఆవిడకు చెప్పేశాను.

ఆవిడ నవ్వలేదు. "నాకూ ఏటా వచ్చిద్ది టీచరమ్మా. బస్తాలు లారీ ఎక్కిన మర్నాడు కూడా పొద్దున్నే కల్లానికొస్తా. ఒక్క కాయుండదు. రేటు బాగా పలికిన ఏడే ఎక్కువ ఏడుపొచ్చిద్ది."

"మరి ఏం చేస్తారండీ?"

"రా, చూపిస్తా."

కల్లం వెనక, ముందే కోత అయిపోయిన అరెకరం ఉంది. అందులో గొర్రెల మంద. నాలుగైదు వందలుంటాయి. మధ్యాహ్నపు ఎండకు ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చుకుని నిలబడ్డాయి. అన్నీ కలిసి ఊపిరి తీస్తుంటే చేనే ఊపిరి తీస్తున్నట్టుంది. అంత పెద్ద ఎరుపు చూసిన కళ్ళు ఈ మట్టిరంగు చేను మీదే నిలిచిపోయాయి.

"ఎరువు కోసం మూడు రోజులు మంద పెట్టించాం. మిరప నేలని పీల్చేసిద్ది. ఎంటనే దున్ని ఇంకోటేస్తే అదీ పండదు, నేలా పోద్ది."

"ఈ మూడు రోజులూ మీరేం చేస్తారు?"

"కాయలు తిరగేసొచ్చి ఇక్కడ కూసుంటా. మొదట్లో అదీ చేతనయ్యేది కాదులే."

ఇద్దరం గట్టు మీద కూర్చుని ఆవిడ తెచ్చిన పచ్చడన్నం తిన్నాం. మూడింటికి తిరుగు ప్రయాణమయ్యాను. నరసరావుపేట దగ్గర ఐదయింది. ఫోను చేతిలోనే ఉంది. ఫీజు కట్టలేదు.

సంతోషం రాలేదని ఇన్ని రోజులుగా నన్ను నేనే తిట్టుకున్నాను. సంతోషం లేక కాదు, ఆరేళ్ళు పండి ఒట్టిపోయానంతే. ఉద్యోగంలో చేరడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజులూ ఏమీ చదవను. ఏడుపొస్తే ఏడుస్తాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్ళండి. ఎర్రటి కల్లాలతో ఫోటోలు దిగి వచ్చేయకండి. కాయ వెళ్ళిపోయిన చేను ఎక్కడుందో అడిగి, దాని గట్టు మీద ఒక గంటయినా కూర్చోండి.