తెర మధ్యలో నల్లమచ్చ

మాలెగావ్‌లో కూజా మీద గుడ్డ కప్పుతారు, ఉయ్యాల మీద కప్పుతారు, చల్లారుతున్న టీ మీదా కప్పుతారు. మరమగ్గాల నుంచి లేచే నూలు నలుసు అక్కడి గాలిలో కాపురముంటుంది. ముస్తఖీం అన్సారీ ఆ అలవాటులోనే పుట్టి పెరిగాడు. చివరికి అతణ్ణి ముంచింది ఆ అలవాటే.

టాకీసులో రీళ్లు ఆడించడం అతని పని. రీళ్లు పోయి కంప్యూటరు వచ్చాక యజమాని, "బటన్ నొక్కడానికి ఆపరేటరెందుకు మియా?" అని ఒక్క మాటతో పంపేశాడు. పాత సామాన్ల దుకాణంలో కంప్యూటర్లు విప్పే పనికి కుదిరాడు. వెనకదీపం తీసేసిన మానిటరు అద్దంలోంచి అవతలి గోడ కనిపిస్తుందనీ, అయినా దాని మీద బొమ్మ కదులుతూనే ఉంటుందనీ అతను చూసింది అక్కడే. ఆ అద్దం వెనక వీధిదీపం బల్బు, ముందు ఏదో పాత యంత్రం నుంచి పీకిన కటకం, వేడి లాగేయడానికి కంప్యూటరు పంకా. అన్నిటినీ ఒక రేకుపెట్టెలో కూర్చి సొంతంగా ప్రొజెక్టరు చేసుకున్నాడు.

మొదటి బొమ్మ గోడ మీద పడగానే పక్కింటి లతీఫ్ పగలబడి నవ్వాడు.

"అరే భాయ్, హీరో తలకిందులుగా నడుస్తున్నాడే! పొద్దున్నే మందు పట్టించాడా ఏంటి?"

"అద్దం తిప్పితే వాడు నిలబడతాడు. నువ్వు పట్టిస్తే నిన్నెవడు తిప్పుతాడ్రా?"

మగ్గాల షెడ్డు యజమాని హనీఫ్ సేఠ్‌కు ఖాళీ గోదాము ఉంది. శుక్రవారం మగ్గాలకు సెలవు. నమాజు తర్వాత ఒక సినిమా మొదలు నుంచి చివరిదాకా ఆడిస్తే ఇకపై ప్రతి శుక్రవారమూ గోదాము అతనిదేనన్నాడు సేఠ్.

"మధ్యలో ఆగితే?"

"నీ డబ్బా నువ్వు పట్టుకుపో. జనం చేత తిట్టించుకునే సరదా నాకు లేదు."

ముస్తఖీంకు కావలసింది గోదాము కాదు. చీకట్లో జనం వెనక నిలబడడం, వాళ్లు చూసే వెలుగు తన చేతి కింద ఉండడం. ఆ చోటు పోయాక తానెవరో అతనికి సరిగా తెలియకుండా పోయింది.

ఇంట్లో ఎన్నోసార్లు ఆడించి చూశాడు. పెట్టె ఒక్కసారీ మొరాయించలేదు. అయినా గోదాము నేలంతా నూలు నలుసేనని గుర్తొచ్చి, పంకా నోటికి మల్లుగుడ్డ మడత కుట్టమని భార్య నయీమాకు ఇచ్చాడు.

"దీనికి ఊపిరాడుతుందా?" అందామె, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"మూతి కప్పుకుంటే నీకు ఆడట్లేదా? కుట్టు."

ఆమె కుట్టింది.

శుక్రవారం గోదాము నిండిపోయింది. విశ్రాంతి దాకా ఈలలే. ఆ తర్వాత నాయిక ముఖం మీద గోధుమరంగు మరక లేచింది. క్రమంగా నల్లబడి పళ్లెమంత అయింది, ఆపై ముఖాన్నే మింగేసింది. "గ్రహణం పట్టిందిరోయ్!" అని ఎవరో అరిచారు. అతను పెట్టె ఆర్పి గుడ్డ పీకాడు. వందల పాదాలు రేపిన నలుసు దాని మీద కంబళిలా పేరుకుని ఉంది. లోపల అద్దం నడుమ కాలిపోయింది.

జనం నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నయీమా ఆ రోజుగానీ తర్వాతగానీ ఆ గుడ్డ ఊసెత్తలేదు. అతనికి నవ్వుల కంటే అదే భారమైంది.

వర్షాలు వెళ్లాక హనీఫ్ సేఠ్ కొత్త ప్రొజెక్టరు కొని గోదాములో పెట్టాడు.

"జనం వస్తారని చూపించింది నువ్వే కదా ముస్తఖీం భాయ్! తెర కట్టిపెట్టు. నీలా బిగువుగా కట్టేవాడు లేడు," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉండుంటే బాగుండేది.

శుక్రవారం శుక్రవారం తెర కట్టి వెళ్లిపోయేవాడు. ఒకనాడు వెళ్తూ వెళ్తూ అలవాటుగా యంత్రం పక్కన అరచెయ్యి పెట్టాడు. గాలి సన్నగా, వేడిగా వస్తోంది. గాలి పీల్చుకునే జాలీ మీద నలుసు నెరిసిన గడ్డంలా పెరిగి ఉంది. దాన్ని వేలితో గీకితే చాలు.

తననెవరూ అడగలేదు కదా అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మనిషి తనతో తాను వాదించుకునేటప్పుడు న్యాయం ఇంత తేలిగ్గానే దొరుకుతుంది.

"ఇటు రా భాయ్, చోటుంది," అని ముందు వరసలోంచి లతీఫ్ పిలిచాడు. వెలుగుకు ముందు కూర్చోవడం ముస్తఖీంకు అదే మొదలు. చుట్టూ అందరూ కథలో పడ్డారు. అతను మాత్రం రెప్ప వేయకుండా తెర నడిమి భాగాన్నే చూస్తూ కూర్చున్నాడు.