అమ్మను అడిగిన ఎక్కాలు

శానిటైజర్ వాసన తగిలితే ఇప్పటికీ ట్రాయ్ ఊళ్లోని ఆస్పత్రిలో అమ్మ గది గుర్తొస్తుంది.

లెక్కల టీచరైన అమ్మ నన్ను కార్‌లో స్కూల్‌కి తీసుకెళ్తూ ఎక్కాలు అడిగేది. గ్రాఫుల లెక్కలకు దారి చూపిన పాతకాలపు ఫ్రెంచి తత్వవేత్త గురించి చెప్పేది. తాను ఆలోచిస్తున్నాడు కాబట్టి తాను ఉన్నట్టేనని ఆయన తేల్చాడట.

అమ్మ స్పృహ తప్పాక ఆ మాటే నన్ను భయపెట్టింది. ఆలోచన ఆగితే అమ్మ ఉండదనుకున్నాను. ఆమె చెవి దగ్గరికి వంగి, "ఏడెనిమిదులెంత అమ్మా? థింక్ చెయ్యి, ప్లీజ్," అన్నాను.

"యాభయ్యారు," అన్నారు వెనక నుంచి నాన్న. "ఇంకోటి అడుగు, కన్నా."

అమ్మ బదులు ప్రతి ఎక్కానికీ ఆయనే జవాబు చెప్పారు. నన్ను ఊరడించడానికే అనుకున్నాను. అమ్మ మళ్లీ లేవలేదు. ఆ ఎక్కాలు అయిపోతాయేమోనని నాకంటే ఆయనే ఎక్కువ భయపడ్డారని ఇన్నేళ్లకు అర్థమైంది.