టోఫు ముక్కలో ఏ మూల

సకుమా గెంపేయ్ రంపాలకు పళ్ళు తీర్చేవాడు. సాంజో పట్నంలో మా సందులోనే ఆయన కొట్టు. పక్కది నాది. ఆయన పదును పెట్టిన రంపాలకు నేను పిడులు వేసేవాణ్ణి. రంపాన్ని చెక్క పట్టులో బిగించి, ఆకురాయితో పంటికి రెండే రెండు రాపిళ్ళు రాసేవాడు. మూడోది రాయడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత చిన్న సుత్తితో పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి కిటికీ వెలుగులో వరస చూసుకునేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేసిన రంపం బాగాలేదని ఏ వడ్రంగీ తిరిగి తేలేదు.

అలాంటి మనిషికి ఒక్కటే జబ్బు. మా జిల్లా పత్రికలో ఆదివారం నాడు చిట్టి పద్యాలు వేసేవారు. ధరలు, మంత్రులు, కంపెనీలు, ఏదైనా సరే, ఐదు ఏడు ఐదు చొప్పున పదిహేడక్షరాల్లో వెక్కిరించి పోస్టుకార్డు మీద రాసి పంపాలి. వారానికి పది అచ్చవుతాయి. మొదటి దాన్ని లావు అక్షరాల్లో వేస్తారు. బియ్యం కొట్టాయన, బస్సు కండక్టరు, పళ్ళ డాక్టరు, మా ఊళ్ళో పంపనివాడు లేడు. గెంపేయ్ తొమ్మిదేళ్ళపాటు ఒక్క వారం తప్పకుండా పంపాడు. ఒక్కటీ పడలేదు.

పడకపోయినా ఓర్చుకునేవాడే. సందులో ఇంకెవరివీ పడేవి కావు గనక. టోఫు కొట్టు మిత్సుయే పంపిన మొట్టమొదటి కార్డే లావు అక్షరాల్లో పడేసరికి ఆయనకు నిద్ర దూరమైంది.

మిత్సుయేకి యాభై దాటాయి. తెల్లారకముందే లేచి భర్త సోయా పాలు విరగ్గొట్టి టోఫు చేస్తే ఆవిడ అమ్మేది. భర్త ఉలకడు, పలకడు. ఆవిడ మాత్రం చెవి వెనక పెన్సిల్ దోపుకుని వచ్చినవాళ్ళందరితోనూ మాట్లాడేది. ఆవిడ మొదటి పద్యం ఇది:

మంత్రి మారాడు
టీవీ పాతదే మాకు
గొంతూ పాతదే

ఆ ఉదయం గెంపేయ్ పత్రిక పట్టుకుని నా కొట్టుకొచ్చాడు.

"ఇదేం పద్యమయ్యా? ఇందులో ఆలోచనేది? దేశ ఆర్థిక స్థితి గురించి ఒక్క మాటైనా ఉందా?"

"నవ్వొచ్చింది గదన్నా" అన్నాను.

"నవ్వితే సరిపోతుందా?"

ఆ తర్వాత నెలకు రెండుసార్లయినా ఆవిడ పేరు కనిపించేది. గెంపేయ్ ఆదివారం లేవగానే ముందు ఆవిడ పేరుందేమో చూసేవాడు, ఆ తర్వాతే తన పేరు వెతుక్కునేవాడు. ఆవిడ పేరు లేని రోజున రెండు గిన్నెల అన్నం తినేవాడని ఆయన భార్య ఫుమీ మా ఇంట్లో చెప్పింది.

ఆ ఏడు ఏప్రిల్ ఒకటిన మూడు శాతం వినియోగ పన్ను వచ్చింది. చిన్న దుకాణాలవాళ్ళు గిరాకీల దగ్గర పన్ను ఎలా అడగాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పొద్దున గెంపేయ్, నేను గిన్నెలు పట్టుకుని టోఫు కొట్టుకెళ్ళాం. మిత్సుయే నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టి ముక్క కోస్తోంది.

"మేస్త్రీగారూ, ఇవాళ్టినుంచి మూడు శాతం. ఏం చెయ్యమంటారో చెప్పండి" అంది.

గెంపేయ్ తన గిన్నెలోని టోఫు వంక చూసి, "అయితే ఏ మూల కోద్దామంటావమ్మా?" అన్నాడు.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఇంటికెళ్ళి అదే పన్ను మీద రెండు గంటలు కూర్చుని కార్డు రాసి పంపాడు.

రెండు వారాల తర్వాత ఆదివారం లావు అక్షరాల్లో ఇది పడింది:

పన్నొచ్చిందట!
ఈ టోఫు ముక్కలోంచి
ఏ మూల కోద్దాం?

కింద కురిహారా మిత్సుయే అని పేరు.

గెంపేయ్ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. "నువ్వు విన్నావు. నా పక్కనే ఉన్నావు. ఈ మాట ఎవరిది?"

"నీదే అన్నా."

"నాది! తొమ్మిదేళ్ళు నా మొహం చూడని పత్రికలో నా మాట లావు అక్షరాల్లో పడింది. పేరు మాత్రం ఆవిడది!"

పద్యాల కింద ప్రతివారం చిన్న అక్షరాల్లో ఒక నియమం వేసేవారు. సొంత మాటలే పంపాలి, వేరేవాళ్ళవని తేలితే ఆ మనిషివి ఇక ఎప్పటికీ వెయ్యం అని. గెంపేయ్ ఆ సాయంత్రమే పత్రికకు ఫిర్యాదు ఉత్తరం రాశాడు. సాక్షిగా నా పేరు కూడా అందులో పెట్టాడు. అది పోస్టు డబ్బాలో పడిందంటే ఆవిడ పద్యాలకు ఆ రోజుతో ముగింపే. కాకపోతే మొహం మీద చెప్పకుండా వెనకనుంచి పొడిచాడని అనిపించుకోవడం ఆయనకిష్టం లేదు. మర్నాడు పొద్దున ఉత్తరం తీసుకుని కొట్టుకెళ్ళాడు. సాక్షిని గనక నన్నూ లాక్కెళ్ళాడు.

మిత్సుయే ఉత్తరం మొత్తం చదివి, తడి చేతులు తుడుచుకుంది.

"మీ మాటే మేస్త్రీగారూ. కాదని ఎవరన్నారు? మీరు వెళ్ళగానే రాసుకున్నాను. వారం రోజులు ఆగాను కూడా, మీరు పంపుతారేమోనని."

"పంపాను!"

"ఇదే పంపారా?"

"ఇదే విషయం పంపాను. నీకంటే ముందే."

"ఏదీ, చదవండి."

గెంపేయ్ పంపిన ప్రతి కార్డునూ ఒక పుస్తకంలో ఎత్తి రాసుకునేవాడు. అది జేబులోనే ఉంది. నిటారుగా నిలబడి చదివాడు:

పన్నుల భారం
సామాన్య ప్రజానీకం
మోయుట యెట్లు?

లోపల సోయా గింజలు రుబ్బుతున్న భర్త యంత్రం ఆపాడు. ఆ మనిషి నవ్వడం ఆ రోజే విన్నాను. మిత్సుయే మాత్రం పెదవి కొరుక్కుని అడిగింది. "టోఫు కొట్టులో ఇలా ఎవరు మాట్లాడతారండీ?"

"ఇది టోఫు కొట్టు మాట కాదు, పద్యం!"

"ఉత్తరం పంపుకోండి. అబద్ధమేమీ రాయలేదుగా. ఇవాళ మెత్తటిదా, గట్టిదా?"

"ఏదీ వద్దు" అని బయటికొచ్చేశాడు. ఉత్తరం చేతిలోనే ఉంది. పోస్టు డబ్బా సందు చివరే. కానీ నా కొట్టు దగ్గరే ఆగిపోయాడు. పిడి కోసం వచ్చిన రంపమొకటి బల్ల మీదుంది. ఆయన పళ్ళు తీర్చిందే. రేకు మీద కమ్మరి పేరు ఉలితో చెక్కి ఉంది. ఊరికే చేతులు నిలవక దాన్ని తీసి చూస్తున్నాడు.

"అన్నా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకు. నువ్వే గదా ఎప్పుడూ అంటుంటావు, కమ్మరి ఇచ్చింది ఉత్త రేకు, దాన్ని కోసేలా చేసింది నేను, పేరు మాత్రం వాడిది అని."

"అంటాను. అన్యాయమే అది."

"టోఫు కొట్టులో నువ్విచ్చింది రేకే గదా మరి. పళ్ళు పెట్టిందెవరు?"

నా వైపు గుర్రుగా చూశాడు. రంపం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఉత్తరం పంపలేదు. వారం రోజులు నాతో మాట్లాడనూ లేదు.

ఉత్తరం పంపకపోయినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా? గెంపేయ్ వేరే దారి కనిపెట్టాడు. టోఫు కొట్టులో నోరు విప్పడం మానేశాడు. గిన్నె ముందుకు తోసేవాడు, ఒక వేలు చూపేవాడు, మెత్తటిది కావాలంటే అరచెయ్యి ఊపేవాడు. అక్కడ అన్న మాట ఏదీ ఆదివారం అచ్చులో చూడదలుచుకోలేదు మరి. మిత్సుయే ఆటపట్టించేది.

"మేస్త్రీగారూ, నోరు ఇంట్లో మర్చిపోయారా? ఫుమీగారితో పంపించమననా?"

ఆయన పెదవులు ఇంకా గట్టిగా బిగించేవాడు. మంత్రి రాజీనామా చేసినా, బియ్యం గొడవలొచ్చినా, కొట్టులో అందరూ తలా ఒకటి అంటుంటే ఈయన గిన్నె పట్టుకుని గొంతు దగ్గరికొచ్చింది మింగుతుండేవాడు. ఇంట్లో ఆ మింగినవన్నీ వినలేక చస్తున్నానని ఫుమీ అనేది. మూడు నెలలు అలాగే నడిచింది. కార్డులు మాత్రం వారం వారం పంపుతూనే ఉన్నాడు. "జాతి భవిష్యత్తు" అనో, "పాలక వర్గం" అనో. పడేవి కావు.

జూలైలో ఎన్నికలొచ్చాయి. పొద్దున్నే మైకు వ్యాన్లు సందుల్లోకొచ్చి అభ్యర్థి పేరు తప్ప ఇంకేమీ చెప్పకుండా అరిచిపోయేవి. ఒకరోజు మేం టోఫు కొట్టులో ఉండగా వ్యాను ఆగి, అభ్యర్థే దిగాడు. మెడలో పేరున్న పట్టీ, చేతులకు అభ్యర్థులంతా వేసుకునే తెల్లటి తొడుగులు. అందరికీ వంగి వంగి దండం పెట్టి, గెంపేయ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. గెంపేయ్ చేతుల్లో ఎప్పుడూ ఉక్కు పొడి ఉంటుంది. అభ్యర్థి చెయ్యి వదిలి తొడుగు చూసుకున్నాడు. వ్యానులోంచి మనిషొకడు ఠక్కున కొత్త జత అందించాడు. వేసుకుని వెళ్ళిపోయాడు.

గెంపేయ్‌కి మూడు నెలల కట్ట తెగింది.

"తెల్ల తొడుగు! మరకొక్కటీ లేదు! ఇంక పని చేసేదెవడు?"

మిత్సుయే చెయ్యి చెవి దగ్గరికెళ్ళింది.

"ఆగు!" అని అరిచాడు గెంపేయ్. "పెన్సిల్ ముట్టుకోకు. అది నాది. నేనే రాసుకుంటాను."

"రాసుకోండి. ఇదిగో పెన్సిల్ కూడా మీరే తీసుకోండి" అని టోఫు చుట్టే కాగితం చింపి బల్ల మీద పెట్టింది.

ఆయన వంగి రాయడం మొదలుపెట్టాడు. నేను భుజం మీదుగా చూశాను. "రాజకీయ నాయకుల" అని రాస్తున్నాడు.

"మీరన్నది అది కాదు" అంది మిత్సుయే.

"మరి ఏమన్నాను?"

నిజంగానే గుర్తులేదాయనకు. నోట్లోంచి వచ్చిన మాటను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోని మనిషి, ఎలా గుర్తుంటుంది? నా వైపు చూశాడు. నాకు తెలిసినా పలకలేదు.

"చెప్పు" అన్నాడు చివరికి, ఆవిడ వైపు చూడకుండా.

"తెల్ల తొడుగు, మరకొక్కటీ లేదు. అలాగే అన్నారు. చివర్దాన్ని మీరే కుదించుకోండి, నేను చెప్పను."

గెంపేయ్ కాగితం మీదికి వంగి చాలాసేపు కొట్టేసి రాశాడు. వెనక గిరాకీలు గిన్నెలతో నిలబడే ఉన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.

తెల్ల తొడుగు
మరకొక్కటీ లేదు
పనెవరిదో!

రెండో ఆదివారం పడింది. మూడో స్థానం. సకుమా గెంపేయ్, రంపాల పనివాడు అని అచ్చులో ఉంది. నేను పత్రిక పట్టుకుని పరిగెత్తాను. ఫుమీ అప్పటికే శుభకార్యాలకు వండే ఎర్రన్నం వండేస్తోంది. గెంపేయ్ పత్రిక నేలమీద పరిచి మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"అన్నా! పడింది గదా!" అన్నాను.

"చూశాలే. పైన ఏముందో చూడు."

మొదటి స్థానంలో మిత్సుయే పేరు:

వ్యాను వెళ్ళింది
చెవిలో పేరు మోత
ధర అలానే

"అదే వ్యాను" అన్నాడు గెంపేయ్. "అదే పొద్దున. నేనూ అక్కడే నిలబడ్డానయ్యా. నా చెవులకూ అదే మోత. నాకెందుకు తట్టలేదు?"

"ఏమండీ, మీది కూడా పైకి చదవండి, నేను వినొద్దూ?" అంది వంటింట్లోంచి ఫుమీ.

ఆయనకు వినపడలేదు. ఆవిడ పద్యం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ నాలుగోసారి చదువుకుంటున్నాడు.