ముందు బెంచీ

ఈ ఫ్రెంచి కొండల్లో ముప్ఫై ఊళ్లకి ఒక్కరే ఫాదరుగారు. అందుకని మా ఊళ్లో ఎవరు పోయినా ప్రార్థన చదివి సాగనంపేది సొలాంజే. ఎప్పుడూ అదే నల్లకోటు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు, చలికి పగిలిన వేళ్లు. చావింటి వంటగదిలో కూర్చుని, పోయినవాళ్లకి ఏం ఇష్టమో అడిగి రాసుకుంటుంది. మొన్న ఆమె భర్త గాస్తోన్ పోయాడు. వాళ్లకి పిల్లల్లేరు.

"ఈ ఒక్కరోజన్నా ఇంటివాళ్లు కూర్చునే ముందు బెంచీలో కూర్చోవే," అంది చర్చి గుమ్మంలో పక్కింటి ఇవెట్.

"కూర్చుంటే చదివేదెవరు, నువ్వా? నీకు ముక్కు చీదుకోడానికే టైము చాలదు."

పీఠం మెట్లెక్కి, గొంతు వణక్కుండా అంతా చదివింది. చివర్న శవపేటిక మీద పవిత్రజలం చల్లాలి, ముందు ఇంటివాళ్లు. "కుటుంబ సభ్యులు రండి," అని అలవాటుగా పిలిచి, పుస్తకంలో వేలు పెట్టుకుని ఆగింది. ఎవరూ కదల్లేదు. ఖాళీగా ఉన్న ముందు బెంచీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత పుస్తకం మూసి, తనే శవపేటిక దగ్గరికి మెట్లు దిగింది.