రేవు బెంచీ మీద చోటు

ఆఫీసులో ఆవిడను అందరూ తలుపక్క అంటారు. కంప్యూటర్లలో తప్ప భూమ్మీద ఎక్కడా లేని ఒక ఊరికి ఆవిడ కాపలా. ఎక్కడెక్కడి జనమో తమ ఫోన్లలోంచి ఆ ఊళ్ళోకి వస్తారు. తలా ఒక బొమ్మగా మారి వీధుల్లో తిరుగుతారు, ఇళ్ళు కట్టుకుంటారు, రేవులో గాలం వేస్తారు. ఎందరిని లోపలికి రానివ్వాలో చూసుకోవడం తలుపక్క పని. మామూలు రోజుల్లో అది ఈగలు తోలుకునే ఉద్యోగమే. ఇంట్లో ముందుగదిలోనే బల్ల వేసుకుని, కళ్ళు స్క్రీన్ మీద, చెవి పక్కగది మీద పెట్టి చేసుకునేది.

పక్కగదిలో నాన్న. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఎడమచెయ్యి కాస్త ఊపగలడు గాని, ఇంకా ఆయన చెప్పినట్టు వినేది దాని చూపుడువేలు ఒక్కటే. మంచంలో గోడకేసి చూస్తూ కుమిలిపోతుంటే కూతురే ఆయన్ని ఆ ఊళ్ళోకి పంపింది. అక్కడ రేవు బెంచీ మీద ఆయనకో స్నేహితుడు దొరికాడు. ముఖం తెలియదు, అసలు పేరూ తెలియదు. చేతిలో గాలం వదలడు కనక చేపలాయన. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు. అంతసేపు ఏం మాట్లాడుకుంటారు నాన్నా అని అడిగితే, ఏమీ లేదని ఫోన్లో వేలితో కొట్టి చూపించాడు. మాట పోయిన మనిషికి మాటలు అడగని స్నేహితుడు దొరకడం ఎంత అదృష్టమో తలుపక్కకు తెలుసు.

ఆ రోజు చేపలాయనకు గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేదాకా పక్కన కూర్చోమని నాన్నను అడిగాడట. నాన్న పొద్దున్నే పట్టుబట్టి గడ్డం గీయించుకున్నాడు. అక్కడ కూర్చునేది బొమ్మే కదా, దానికి గడ్డమెక్కడిదని కూతురు వేళాకోళం చేసినా వినలేదు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే కొంప మునిగింది. పేరున్న పాటగాడెవడో తీరిక దొరికితే తనుండేది ఇక్కడేనని ఆ ఊరిని వీడియోలో చూపించాడు. ఇంకేముంది, పుట్ట పగిలినట్టు జనం! వీధుల్లో బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నడిచేవాళ్ళు నడుస్తూనే బిగుసుకుపోతున్నారు. కొత్త మెషిన్లు సాయంత్రానికి గాని అందవు, అంతదాకా ఊరు పడిపోకుండా ఆపమని యజమాని ఫోన్లో ప్రాణం తీస్తున్నాడు. పడిపోతే లోపలున్న వాళ్ళంతా ఒక్కసారిగా బయటపడతారు.

ఇలాంటి రోజుకని తలుపక్క ఎప్పుడో ఒక రూలు రాసిపెట్టుకుంది. ఐదు నిమిషాలు కదలని బొమ్మను బయటికి పంపేయడం. ఫోను ఎక్కడో పారేసి భోజనానికి పోయినవాళ్ళు ఊరికే చోటు తినేస్తారు కదా, వాళ్ళను తీస్తే కొత్తవాళ్ళు పడతారు. రూలు పెట్టింది. వేలమంది మాయమయ్యారు. ఊరు కాస్త తెరిపిన పడింది. యజమాని బంగారుతల్లివమ్మా అన్నాడు.

అప్పుడు పక్కగదిలోంచి చేతికర్ర చప్పుడు మొదలైంది. మంచినీళ్ళకైతే ఒక్కసారి కొట్టి ఊరుకుంటాడు. ఇప్పుడు గోడను ఆగకుండా బాదుతున్నాడు. తలుపక్క పరుగెత్తింది.

నాన్న స్క్రీన్ మీద, ఊరు నిండిపోయింది, మీ ముందు రెండు లక్షల మంది ఉన్నారు అని ఉంది. పక్కనే ఒక నవ్వు బొమ్మ. ఆ వాక్యం రాసిందీ తలుపక్కే, ఆ నవ్వు పెట్టిందీ తనే. నాన్న వేలితో ఒక్క మాట కొట్టాడు.

‘ఆయన?’

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఈవిడ తీసిన గోతిలో నాన్న పడ్డాడు, ఆపరేషన్‌కు వెళ్ళబోయే పెద్దాయన్ని కూడా వెంటబెట్టుకుని. కదలనివాడు లేనట్టే అని రాసిందెవరు? కదల్లేని తండ్రిని పక్కగదిలో పెట్టుకున్న కూతురు! తన మీద తనకే అసహ్యం వేసింది.

రూలు తీసేస్తే ఊరు పడిపోతుంది. ఆ బెంచీకి మాత్రం మినహాయింపు ఇద్దామంటే మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇక మిగిలింది సిబ్బంది వాడుకునే పక్కతలుపు. అందులోంచి సొంతవాళ్ళను పంపకూడదు, పంపితే యజమానికి వెంటనే తెలిసిపోతుంది. తలుపక్క నాన్నను పంపింది. తర్వాత వరుసలో చేపలాయన కోసం వెతికింది. విసుగొచ్చి ఫోను కట్టేసి ఉంటే చేయగలిగిందేమీ లేదు. కట్టేయలేదు. ఎక్కడో తోక చివర ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. ఆయన్నీ పంపింది.

మళ్ళీ ఐదు నిమిషాలకు బయటే కదా! ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది, పక్కవాడు భుజం తట్టినా కదిలినట్టే లెక్క. తలుపక్క నాన్న మంచం పక్కనే కూర్చుని, తన ఫోన్లోంచి తన బొమ్మను తెచ్చి బెంచీ వెనక నిలబెట్టి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తట్టడం మొదలుపెట్టింది.

యజమాని ఫోన్ చేశాడు. “పక్కతలుపులోంచి ఇద్దరొచ్చారు. ఎవరమ్మా వాళ్ళు?”

“మా నాన్న. రెండో ఆయన మా నాన్న స్నేహితుడు. వాళ్ళను తీసేయాలంటే ముందు నన్ను తీసేయండి సార్.”

ఆ సంగతి తర్వాత చూద్దాం, ముందు బజారు వీధి బిగుసుకుపోతోంది చూడమన్నాడు యజమాని. మనసుండి ఊరుకున్నాడో, తీరిక లేక ఊరుకున్నాడో ఆయనకే తెలియాలి.

తలుపక్క లేవబోతుంటే బెంచీ మీద చేపలాయన మాట కనిపించింది. ‘పిలుస్తున్నారు. ఫోను మా ఆవిడకిచ్చి వెళ్తున్నా, ఆపొద్దని చెప్పా. నా చోటు పోనీకు.’ ఆ తర్వాత గాలం కదల్లేదు. నాన్న కూతురి చేతిని పక్కకు తోసి, తన ఒక్క వేలితో స్నేహితుడి భుజం తట్టాడు. నువ్వెళ్ళి నీ పని చూసుకో అన్నట్టు గుమ్మం వైపు తలూపాడు.

పొద్దు వాలేవేళకు కొత్త మెషిన్లు అందాయి. జనం సర్దుకున్నారు. తలుపక్క రూలు తీసేసి పక్కగదిలోకి వచ్చింది. నాన్న వేలు వాచి ఉంది. చేపలాయన దగ్గర్నుంచి ఇంకా ఏ కబురూ లేదు.

“ఇంక తట్టక్కర్లేదు నాన్నా. రూలు తీసేశాను. ఆయన్ని ఎవరూ పంపేయరు.”

నాన్న ఆవిడ వైపు చూసి, అర్థమైందన్నట్టు తలూపాడు. మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగి చేపలాయన భుజం తట్టాడు.