లోపలికి మాట తీసుకెళ్లిన సిస్టరమ్మ

మా పక్కింటి సిస్టరమ్మ పోయింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖాన ఐసీయూలో కొన్ని రోజులుండి, పోయిన వారం పొద్దుపొద్దున్నే ప్రాణం విడిచింది. ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను షాపు షట్టర్ సగం ఎత్తి ఉన్నాను. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. సబ్బు కోసం వచ్చినావిడ నా ముఖం చూసి వెనక్కి తిరిగింది.

మొయినాబాద్ దగ్గర ఒక దవాఖానలో ఆమె చాలా ఏళ్లు ఐసీయూ సిస్టర్‌గా చేసింది. చేవెళ్ల నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేది. మా దిక్కు ఆమె చేత తిట్లు తినని ఇల్లు తక్కువ. ఐసీయూ తలుపు పక్కన ఒక చెక్క అర ఉండేది. లోపలికి పోవాలంటే ఫోన్ బంద్ చేసి అందులో పెట్టాల్సిందే. సర్పంచైనా, పాస్టరైనా, పెద్ద డాక్టరు బావమరిదైనా అంతే. ఆమె ఫోన్ కూడా ఆ అరలోనే పడి ఉండేది కాబట్టి డ్యూటీలో ఉన్నంతసేపు ఇంటివాళ్లకు దొరికేది కాదు. మా అమ్మకు ఫోన్ చేసుడు, గోడతో మాట్లాడుడు ఒకటే అని కూతురు విసుక్కునేది.

ఒకసారి సెక్యూరిటీ అతను చేతిలో వాకీటాకీతో లోపలికొచ్చి, ఒక మంచం పక్కనే నిలబడి మాట్లాడాడట. రోగికి మందు చుక్కచుక్కగా ఎక్కించే పంపు కీచుమని మొత్తుకుని ఆగిపోయింది. రోగికి ఏమీ కాలేదు గానీ, సిస్టరమ్మ అతన్ని చొక్కా పట్టి వరండా దాకా లాక్కొచ్చింది. ఆ సంగతి ఆమే మా షాపులో నిలబడి చెప్పింది. ఇప్పటి మిషన్లకు ఫోన్లతో ఏమీ కాదని వాదించేవాళ్లూ ఉండేవారు. ఆమె వాళ్లతో గొడవ పెట్టుకునేది కాదు. "ఏం గాకపోవచ్చు సార్. జర ఎవరి మంచం కాడ పెట్టి చూద్దామో మీరే చెప్పున్రి" అనేది. ఆ తర్వాత ఫోన్ అరలోకి పోయేది.

అయితే ఫోన్ తీసుకుని ఊరుకునే మనిషి కాదు. రోగి చెవి దగ్గర పెట్టి ఒక్క మాట వినిపిస్తామని బతిమాలేవాళ్లను పక్కకు పిలిచి, ఆ మాటేదో తనకు చెప్పమనేది. తానే లోపలికి పోయి, మంచం మీదికి వంగి, రోగి చెవిలో చెప్పి వచ్చేది. బర్రె ఈనిందని మొగుడికి చెప్పమన్న ఇల్లాలు ఉంది. అది కూడా చెప్పి వచ్చింది. పనుల మధ్యలో ఎవరి మాటా మర్చిపోయేది కాదు.

మా బాపును గుండెపోటుతో అక్కడే చేర్చాము. తెలివి లేదు, ఒంటినిండా గొట్టాలు. ఆయనకు ఎప్పుడూ షాపు రందే. షాపు తెరిచినం, ఫికర్ చెయ్యకు అని చెప్పమన్నాను. ఆమె వంగి చెప్పడం తలుపు అద్దంలోంచి చూశాను. బయటికి రాగానే, విన్నాడా, కళ్లు తెరిచాడా అని మీద పడ్డాను.

"చెప్పిన బిడ్డా. ఇన్నడో లేదో నాకు తెల్వదు. లేని మాట నేను చెప్ప."

ఆ రోజు నాకు ఒళ్లు మండింది. కళ్లు తెరిచాడని ఒక్క మాట అంటే ఆమె సొమ్మేం పోయింది అనుకున్నాను. బాపు లేవలేదు. ఇన్నేళ్లకు నాకు మిగిలింది మాత్రం ఆ మాట ఆయన చెవి దాకా వెళ్లిందన్న నమ్మకమే. ఆమె ఏదీ కలిపి చెప్పలేదు కాబట్టే నమ్మగలిగాను.

ఇప్పుడు ఆమె వంతు వచ్చింది. చర్చికి బయలుదేరుతూ వాకిట్లో పడిపోయింది. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు. నేనూ, కూతురూ ఐసీయూ బయట కూర్చున్నాము. అంతకు ముందు వారమే ఆ తల్లీబిడ్డలకు మాట పట్టింపు వచ్చింది. కొండకల్‌లో తమ దగ్గరికి వచ్చి ఉండమంటే తల్లి వినలేదని, కూతురు నాలుగు మాటలు అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఫోన్ లోపలికి తీసుకుపోతానని తలుపు దగ్గర ఏడ్చింది. అక్కడివాళ్లు కుదరదన్నారు. కాసేపటికి తానే కళ్లు తుడుచుకుని, "అమ్మ రూలే కదక్కా" అంది. తర్వాత లోపలికి పోతున్న చిన్న వయసు సిస్టర్‌ను ఆపి, "మా అమ్మకు జర చెప్పున్రి మేడం. నాకు కోపం లేదని చెప్పున్రి" అని చేతులు పట్టుకుంది. ఆ పిల్ల సరేనంది.

నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె లోపలికి పోగానే ఒక మంచం దగ్గర మిషన్ మోగింది. అటు పరుగెత్తింది. అక్కడి నుంచి ఇంకొక మంచానికి, అక్కడి నుంచి డాక్టరు దగ్గరికి. సిస్టరమ్మ మంచం వైపు రాలేదు. చాలాసేపటికి ఏదో ఫైలు పట్టుకుని బయటికొచ్చింది. కూతురు లేచి ఎదురు పోయింది. ఆ పిల్ల ఆమె ముఖం చూసి ఒక్క క్షణం ఆగింది.

"చెప్పిన అక్కా. తల ఊపింది."

ఒంట్లో ఏ భాగమూ కదలకుండా మందు ఇచ్చామని డాక్టరు మా ఇద్దరికీ ఆ పొద్దునే చెప్పి ఉన్నాడు. కూతురికి అదేమీ గుర్తు లేదు. నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఆ రాత్రి షాపు కోసం నేను ఇంటికొచ్చాను. మర్నాడు తెల్లవారకముందే సిస్టరమ్మ పోయింది.

ఆ పిల్ల మీద నాకు కోపం రావడం లేదు. అన్ని మంచాలు ఒక్కతే చూసుకుంటూ, తన దగ్గర ఉన్నదేదో ఇచ్చి పంపింది. కానీ నాకు నిద్ర పట్టడం లేదు. ఆ మాట లోపలికి పోలేదు. ఎన్ని ఇళ్ల మాటలో మోసిన మనిషికి సొంత కూతురి మాట అందలేదు. ఇక అందించే దారి లేదు. దేవుడు చూసుకుంటాడని వాళ్ల పాస్టర్ అన్నాడు. నాకు అంత ధైర్యం లేదు.

ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ కూతురు ఆ సంగతే చెప్తోంది. నన్ను చూపించి, అక్క ఆడనే ఉండె, అడగున్రి అంటుంది. అందరూ నా వైపు తిరుగుతారు. అవును, ఊపింది అంటాను. అప్పుడు ఆమె కళ్లు మూసుకుని, "ఇట్ల" అంటూ గడ్డం కొద్దిగా కిందికి దించి, మెల్లగా పైకెత్తి చూపిస్తుంది.